కెమెరా వైపు చూసిన మనిషి

తొర్రెసేకా,
9 నవంబరు 1958

ఒరేయ్ ఫెర్మీన్,

నువ్వు మాడ్రిడ్‌లో బాగానే ఉంటావు, నీకేం. ఇక్కడ బాగోలేనిది మేమే. నీ సినిమా మన ఊరొచ్చింది.

ఆదివారం చర్చి అయ్యాక మున్సిపాలిటీ హాల్లో వేశారు. "కాసిల్దా తమ్ముడి సినిమా" అని జనం ఇళ్ళ నుంచి కుర్చీలు మోసుకొచ్చారు. అమ్మ కొత్త శాలువా కప్పుకుంది. దోన్ ప్రుదెన్సియో టై కట్టుకుని, చెల్లాయి నియెవెస్‌ని పక్కన కూర్చోబెట్టుకుని మొదటి వరసలో కూర్చున్నాడు. ముద్దు సీను రాగానే ఫాదర్ సెలెదోనియో లేచి వెళ్ళి మిషనుకి తన టోపీ అడ్డం పెట్టాడు. పిల్లకాయలు ఈలలు. అంతవరకూ సరదాగానే ఉంది.

ఆ తర్వాత నీ సినిమాలో మందుల షాపాయన తెరమీదికి వచ్చాడు. ముక్కు చివర కళ్ళజోడు, కాగితం ముక్క కూడా పారెయ్యని పిసినారి, పక్కింటి విధవరాలి ఇంటిమీద కన్ను. హాలు హాలంతా ఒక్కసారి మెడలు తిప్పి మన మందుల షాపాయన, దోన్ ప్రుదెన్సియో వైపు చూసింది రా! సిగ్గుతో చచ్చిపోయాను. మాంసం కొట్టు ఎవులాలియా నాకు వినబడేటట్టే అంది, "తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే" అని.

నీకు బుద్ధుందా? నాన్న యుద్ధానికి వెళ్ళేటప్పటికి నీకు నాలుగేళ్ళు. ఎబ్రో నది దగ్గర పోయాడని కబురొచ్చేసరికి ఆరు. ఆ తర్వాత ఐదేళ్ళు అమ్మ ఊళ్ళోవాళ్ళ దుప్పట్లు ఉతికి మనల్ని సాకింది. ఓడిపోయిన పక్షం వాడి పెళ్ళాం అని పలకరించే దిక్కు లేని రోజుల్లో, ఈయన అమ్మని పెళ్ళి చేసుకున్నాడు. నిన్ను సినిమా స్కూలుకి పంపింది ఎవరు? నాన్నా? ఆ నదా?

ఆయన ఏమన్నాడో తెలుసా? ఇంటికొచ్చి, "ఫొటోగ్రఫీ చాలా శుభ్రంగా ఉంది" అన్నాడు. అమ్మ మాత్రం ఆ కొత్త శాలువా మడిచి పెట్టె అడుగున పెట్టేసింది.

అన్సెల్మో నిన్ను అడిగానని రాయమన్నాడు. మా ఆయనకి సినిమా నచ్చిందట. ఆయనకి గాడిదలు కనబడితే చాలు, ఏ సినిమా అయినా నచ్చుతుంది.

కోపంగా,
మీ అక్క కాసిల్దా


మాడ్రిడ్,
2 డిసెంబరు 1958

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒట్టు, దోన్ ప్రుదెన్సియో నా మనసులోకే రాలేదు.

నేను రాసుకున్నది ఫాదరీని. విధవరాలి ఇంటిని చర్చికి రాయించుకునే ఫాదరీ. షూటింగుకి నాలుగు రోజుల ముందు సెన్సారు వాళ్ళ కాగితం వచ్చింది: "స్పెయిన్‌లో ఫాదరీలు ఇలా ఉండరు." సరే, నోటరీని చేద్దామన్నాను. ఆ సెన్సారు ఆఫీసరుగారి బావమరిది నోటరీయేనట. డాక్టరంటే డాక్టర్ల సంఘం ఊరుకోదు. మేం బల్ల చుట్టూ కూర్చుని ఇంకెవరు మిగిలారా అని చూస్తే, సంఘం లేనివాడు మందుల షాపాయన ఒక్కడే కనబడ్డాడు. ఎర్ర ఇంకుతో ఫాదరీ కొట్టేసి మందుల షాపు అని రాశాం. అంతే జరిగింది. కళ్ళజోడు ఆ నటుడి సొంతం.

ఆయనకి నువ్వు చెప్పు. వద్దులే, నేనే విడిగా రాస్తాను.

ఇక్కడ పత్రికల వాళ్ళు బాగానే రాశారు. ఒకాయన ఇంటర్వ్యూకి వచ్చి, "మీ నాన్నగారు ఏం చేసేవారు?" అని అడిగాడు. యుద్ధంలో పోయాడన్నాను. ఏ వైపు అని ఆయనా అడగలేదు, నేనూ చెప్పలేదు. తర్వాత గదికొచ్చి ఆయన ముఖం గుర్తు తెచ్చుకుందామని కూర్చున్నాను. ఏమీ రాలేదక్కా. గెలిచిన పక్షం సైనికులు ఊళ్ళోకి వచ్చిన రోజు అమ్మ ఫొటోలన్నీ పొయ్యిలో పెట్టేసిందిగా. ప్రతి సినిమాలో వంద ముఖాలు ఎంచుకుంటాను, సొంత తండ్రి ముఖం తెలియదు. నీకు గుర్తుందా?

రెండో సినిమాకి కథ రాస్తున్నాను. ఒక రేవు, అర్జెంటీనా వెళ్ళే ఓడ, ఎక్కించడానికి వచ్చినవాళ్ళు. ఓడ ఎక్కేవాళ్ళ గురించి కాదు, ఒడ్డున మిగిలిపోయేవాళ్ళ గురించి. ఎప్పటికవుతుందో తెలియదు.

నేను అద్దెకుండే ఇంటావిడ రోజూ ఏదో పప్పే ఉడికించి పెడుతోంది. నీ చేతి గొర్రెమాంసం కూర కలలోకి వస్తోంది.

నీ బుద్ధిలేని తమ్ముడు,
ఫెర్మీన్


తొర్రెసేకా,
12 ఫిబ్రవరి 1962

ఫెర్మీన్,

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడంలేదు. లారీ హిలారియో మాడ్రిడ్ వస్తున్నాడు, వాడి చేతికిస్తున్నాను. చదివాక చింపెయ్.

ఎలా మొదలుపెట్టాలో తెలియట్లేదు. ఇప్పటికే మూడు కాగితాలు చింపేశాను.

అమ్మ కళ్ళు చూపించడానికి సరగోసా తీసుకెళ్ళాను. శుక్లాలట, మేలో ఆపరేషను చెయ్యాలన్నారు. బస్సుకి టైముంది. ఎదురుగా హాల్లో నీ ఓడ సినిమా ఆడుతోంది. "నాకు కనబడకపోయినా కూర్చుంటాను, వాడిదేగా" అంది అమ్మ. వెళ్ళాం.

రేవులో జనం రుమాళ్ళు ఊపుతుంటారే, ఆ సీను. కుడివైపు తాళ్ళ చుట్ట మీద ఒక ముసలాయన కూర్చుని ఉంటాడు. అందరూ ఓడ వైపు చూస్తుంటే ఆయన తల ఇటు తిప్పుతాడు. నేరుగా మన వైపు చూస్తాడు.

అది నాన్న.

పిచ్చిదాన్నయ్యాననుకోకు. ఎడమ చెవికి కింది సగం లేదు. నాకు ఐదేళ్ళప్పుడు నాన్న చెవిని మన కంచరగాడిద కొరికేసింది. నన్ను భుజాల మీద ఎక్కించుకున్నప్పుడల్లా నేను పట్టుకున్నది ఆ చెవినే. ఎంతవరకు తెగిందో చేత్తో చూపించమంటే కళ్ళు మూసుకుని ఇప్పుడైనా చూపిస్తాను. ముసలాడయ్యాడు, చిక్కిపోయాడు. కానీ ఆ మెడ తిప్పడం, గడ్డం కొంచెం పైకెత్తడం... అయ్యో దేవుడా, నేను హాల్లోనే "నాన్నా" అని అరిచేశాను.

"ఏమైందే?" అంది అమ్మ.

"ఏం లేదమ్మా, ఎలుక" అన్నాను.

పక్కనావిడ కాళ్ళు పైకి పెట్టేసుకుంది. అమ్మ మాత్రం బస్సులో దారంతా చెయ్యి నా చేతిమీదే ఉంచింది.

వాళ్ళు ఎబ్రో దగ్గర పూడ్చిపెట్టామన్నది ఎవరిని రా? ఇన్నేళ్ళూ మనం ఎవరికి ఏడ్చాం?

ఆయన ఓడని చూడట్లేదు ఫెర్మీన్. కెమెరా వెనకాల ఉన్న నిన్ను చూస్తున్నాడు.

అక్క


మాడ్రిడ్,
17 ఫిబ్రవరి 1962

అక్కా,

నాన్న పోయాడు. జేబులో కాగితాలు చూసి పూడ్చినవాడే వచ్చి చెప్పాడు. చెవి తెగిన ముసలాళ్ళు స్పెయిన్‌లో ఎంతమంది లేరు, అందరూ యుద్ధం నుంచే వచ్చారు. నువ్వు అలిసిపోయి ఉంటావు. ఆ షాట్ తీసెయ్యాలనే అనుకున్నాను నేను. జనంలో ఒకడు కెమెరాలోకి చూశాడంటే డైరెక్టరుకి పని రాదని అర్థం. ఎడిటింగు చేసే కార్మెలా పట్టుబట్టి ఉంచింది. దాని ఫలితం ఇది. నువ్వు నిద్రపో.

19వ తేదీ. పై ఉత్తరం పంపలేదు.

నిన్న ఎడిటింగు గదికి వెళ్ళాను. ఆ షాట్‌ని బల్ల మీద పద్నాలుగు సార్లు ముందుకీ వెనక్కీ తిప్పాను. కార్మెలా చూసి చూసి, "ఈయన మీకు చుట్టమా? నోరు అచ్చం మీదే" అంది. నేనేమీ చెప్పకముందే.

ఇప్పుడు విను. నాకు ఆ మనిషి గుర్తున్నాడు. పుయెర్తో లుంబ్రేలో తొమ్మిది రోజులు షూటింగు. ఆయన్ని పిలిచింది రెండు రోజులకే, తొమ్మిది రోజులూ వచ్చాడు. కెమెరా వైపు చూస్తున్నాడని నేను ఆయన మీద అరిచాను. మెగాఫోను గొట్టంలో, అందరి ముందూ. "ఏయ్ ముసలాయనా! ఓడ అటుంది, ఇటు కాదు! నీకు చెవుడా?"

లేచి నిలబడి టోపీ తీశాడు. "క్షమించండి సార్" అన్నాడు.

నన్ను సార్ అన్నాడక్కా.

ఆఖరి రోజు భోజనాల దగ్గర నా కుర్చీ పక్కకి వచ్చాడు. "మీరు చిక్కిపోయారు. వేళకి తింటున్నారా?" అన్నాడు. తిండికోసం దగ్గర చేరాడనుకున్నాను. మావాణ్ణి పిలిచి, "ఈయనకి ఏదన్నా పెట్టి అవతల కూర్చోబెట్టు" అన్నాను. మావాడు రొట్టెలో చేప పెట్టి ఇచ్చాడు. ఆయన అది పట్టుకుని అవతలికి వెళ్ళి కూర్చున్నాడు. తిన్నాడో లేదో నేను చూడలేదు.

సినిమాలో జనంగా పనిచేసినవాళ్ళ జాబితా తీయించాను. హుస్తో పెలెగ్రీన్ అని సంతకం చేశాడు. పుయెర్తో లుంబ్రేలో గనుల దగ్గర అడ్రసు. రేపు బయలుదేరుతున్నాను. నువ్వైనా వెళ్ళమనే అంటావు.

ఫెర్మీన్


తొర్రెసేకా,
23 ఫిబ్రవరి 1962

ఫెర్మీన్, వెళ్ళకు.

నీకు దణ్ణం పెడతాను. నేను ఆ ఉత్తరం రాసి తప్పు చేశాను. పది రోజులుగా ఆలోచిస్తున్నాను, ఎటు తిరిగినా గొయ్యే కనబడుతోంది.

నాన్న బతికుంటే అమ్మ పెళ్ళి పెళ్ళే కాదు. చెల్లాయి ఏమవుతుంది? జూన్‌లో దాని పెళ్ళి. పెళ్ళికొడుకు తండ్రి పోలీసు సార్జెంటు, తెలుసుగా నీకు. వాళ్ళింట్లో నిన్న కాఫీకి పిలిస్తే, ఆయన ఎదురుగా కూర్చోలేక వంటింట్లోనే తాగి వచ్చేశాను.

ఇక నాన్న సంగతి. అప్పట్లో ఈ ఊళ్ళో కూలీల సంఘానికి కార్యదర్శి. పట్టుకుంటే గోడకి నిలబెట్టి కాల్చమని ఆరోజుల్లోనే కాగితం రాసుకున్నారు. ఆ కాగితం ఇంకా ఏ బీరువాలోనో ఉంటుంది. నీ వెనకాల ఎవడైనా వస్తే? నీ మీద సెన్సారువాళ్ళకి మొదట్నుంచీ కన్నుంది.

మనిషి పోయాడని ఏడవడం నాకు వచ్చు రా. బతికున్నాడంటే ఏం చెయ్యాలో తెలియట్లేదు.

ఈ ఉత్తరం అందగానే ఒక్క ముక్క టెలిగ్రాం ఇవ్వు, వెళ్ళలేదని.

అక్క


పుయెర్తో లుంబ్రే,
26 ఫిబ్రవరి 1962

అక్కా,

కలిశాను.

గనుల దగ్గర ఒంటిగది. తలుపు ఆయనే తీశాడు. నన్ను చూసి భయపడ్డాడు, తర్వాత నా వెనక ఎవరున్నారా అని వీధి అటూ ఇటూ చూశాడు. "సార్, సినిమాలో ఏదైనా పొరపాటు వచ్చిందా?" అన్నాడు.

"కాసిల్దా మీ చెవి గుర్తుపట్టింది" అన్నాను.

కూర్చుండిపోయాడు. దగ్గు మొదలైంది, ఆగలేదు. పదేళ్ళు సీసపు గనిలో చేశాడు, ఊపిరితిత్తుల నిండా ఆ దుమ్మే.

నది దాటేటప్పుడు పక్కనున్న హుస్తో పెలెగ్రీన్ చచ్చిపోతే వాడి కాగితాలు తను తీసుకుని, తనవి వాడి జేబులో పెట్టాడట. ఆ పేరుమీద పట్టుబడ్డాడు కాబట్టి బతికాడు. ఐదేళ్ళు ఖైదీల క్యాంపులో రోడ్లు వేశాడు. నలభైనాలుగులో వదిలారు. నేరుగా తొర్రెసేకా వచ్చాడు. అవునక్కా, వచ్చాడు! సంత రోజు, జనంలో కలిసి. మందుల షాపు గుమ్మంలో అమ్మ, చంకలో చంటి నియెవెస్. నేను మెట్ల మీద కూర్చుని కొత్త బూట్లు విప్పుకుంటూ తొడుక్కుంటూ ఉన్నానట.

ఇప్పుడు చెప్పేది కూర్చుని చదువు. అమ్మ లోపలికి వెళ్ళాక ఆయన షాపులోకి వెళ్ళాడు. కౌంటరు వెనక దోన్ ప్రుదెన్సియో ఉన్నాడు. గుర్తుపట్టాడు. ఇద్దరూ మాట్లాడుకున్నారు. మన దోన్ ప్రుదెన్సియోకి పద్దెనిమిదేళ్ళుగా తెలుసు! రోజూ మనతో కూర్చుని సూపు తాగుతూ, నాన్న ఆత్మకి శాంతి కోసం చర్చిలో దీపం పెట్టిస్తూ, అన్నీ తెలిసి!

"ఏమన్నాడు మీతో?" అని అడిగాను.

"మంచిమాటే చెప్పాడు. నేను విన్నాను" అన్నాడు. మళ్ళీ దగ్గు. ఇంకేమీ రాబట్టలేకపోయాను.

మంచం కింద బిస్కట్ల డబ్బా ఉంది. అందులో ఏడాదికొక ఫొటో, నీదీ నాదీ. వెనక దోన్ ప్రుదెన్సియో చేతిరాత. మందు చీటీల మీద చూసే అదే గుండ్రటి రాత. నాకు అర్థమైంది. ఫొటోలు పంపిస్తాను, నువ్వు మాత్రం ఇటు రాకు, వస్తే పోలీసులకి చెబుతాను. అదీ బేరం. నా మొదటి సినిమాలో నేను పొరపాటున తీశాననుకున్న మనిషి నిజంగా ఉన్నాడన్నమాట. మనింట్లోనే!

వెళ్ళి అడుగు. నువ్వు అడగకపోతే నేనొచ్చి నలుగురిలో అడుగుతాను.

ఫెర్మీన్


తొర్రెసేకా,
6 మార్చి 1962

ఫెర్మీన్,

అడిగాను. నీ ఉత్తరం కౌంటరు మీద పెట్టి మరీ అడిగాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకుని చదివాడు, మళ్ళీ తీశాడు. షాపు తలుపు వేసి వచ్చాడు.

"నేను బేరం పెట్టలేదమ్మా" అన్నాడు. "ఇంటి తాళంచెవులు తీసి ఆయన ముందు పెట్టాను. ఈ గంటలో నా పెట్టె సర్దుకుని పోతాను, నీ ఇల్లు నువ్వు తీసుకో బ్లాస్ అన్నాను. ఆయన తాళాలు నావైపు తోశాడు. 'నేను ఈ ఊళ్ళో వారం బతకను. నన్ను పట్టుకుపోయాక వీళ్ళకి నువ్వూ ఉండవు, నేనూ ఉండను. పిల్లలకి బూట్లు నువ్వే కొన్నావా?' అన్నాడు. అవునన్నాను. 'కొంటూ ఉండు' అన్నాడు. ఏడాదికో ఫొటో అడిగాడు. నేను ఆయన్ని ఆపలేదు. అది నిజం. ఆయన గుమ్మం దాటుతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ పాపం నాది, కాదనను."

ఇంకా విను. నువ్వు పోయిన సెప్టెంబరులో కార్డు రాశావే, పుయెర్తో లుంబ్రేలో షూటింగు అని. ఆ సంగతి ఆయనకి రాసింది ఈయనే. "ఒక్కసారి దగ్గర్నుంచి చూసుకో, వాడికి నువ్వు తెలియవు, భయం లేదు" అని రాశాడట. తొమ్మిది రోజులూ నీ ముందు కూర్చోబెట్టింది నీ పిసినారి మందుల షాపాయనే రా.

మూడేళ్ళ క్రితం విడిగా రాస్తానన్న ఉత్తరం ఆయనకి నువ్వు రాయనే లేదట. ఇప్పటికీ ఆ పాత్ర తనేననుకుంటున్నాడు. "వాడు తీసింది అబద్ధమేం కాదుగా" అన్నాడు.

అప్పుడు పూసల తెర కదిలింది. వెనకాల అమ్మ. ఎంతసేపట్నుంచి ఉందో.

అరుస్తుందనుకున్నాను. గొంతు పెంచలేదు. "ఇద్దరు మగాళ్ళు ఈ కౌంటరు మీద నన్ను తూకం వేసి పొట్లం కట్టారన్నమాట. ఒక్కడైనా లోపలికొచ్చి నన్ను అడిగాడా?" అంది.

దిండు చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. పది నిమిషాల తర్వాత దోన్ ప్రుదెన్సియో ఆమె కంటి చుక్కల సీసా పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు. అన్సెల్మో తీసుకుని లోపల ఇచ్చాడు. రోజూ అదే తంతు. ఊళ్ళోవాళ్ళకి పెళ్ళిపనులని చెప్పాం.

అమ్మ ఒక్కటే అంటోంది. "ముందు నా కళ్ళు బాగుచేయించండి. ఆ తర్వాత ఎవరి ముఖం చూడాలో నేను చెబుతాను."

నేను నీమీద కోపంగా లేను. ఎవరిమీద కోపంగా ఉండాలో తెలియట్లేదు.

అక్క


మాడ్రిడ్,
29 మే 1962

అక్కా,

అమ్మని నిన్న బస్సెక్కించాను, ఈపాటికి మీ ఇంట్లో ఉంటుంది. తను ఏమీ చెప్పదు కాబట్టి నేను రాస్తున్నాను.

కళ్ళకట్టు విప్పిన పదో రోజున పుయెర్తో లుంబ్రే వెళ్ళాం. నల్లద్దాలు పెట్టుకుంది. నాన్న రేవు చివర రాతి బెంచీ దగ్గర, గడ్డం గీసుకుని, ఎవరిదో అరువు కోటు వేసుకుని నిలబడ్డాడు. "నువ్వు ఇక్కడే ఉండు" అంది నాతో. నేను వలలు ఆరేసిన చోట ఆగిపోయాను. వంద గజాలు ఉంటుంది. ఒక్క మాట వినబడలేదు.

అమ్మ అద్దాలు తీసి ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. లాగి చెంపమీద ఒక్కటి కొట్టింది. ఆయన టోపీ కింద పడింది. అమ్మే వంగి తీసి, దులిపి, ఆయన తలమీద పెట్టింది. తర్వాత కూర్చున్నారు. మూడు గంటలు. నేను కూర్చోనూ లేదు, అటు చూడకుండానూ ఉండలేకపోయాను. నా బతుకంతా దూరం నుంచి మనుషుల్ని చూడటమే కదా, ఆరోజు మాత్రం సిగ్గేసింది.

బస్సులో సగం దారిలో అంది, "నన్నెందుకు అడగలేదని అడిగాను. ఉండమంటావని భయమేసింది అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఉండమనేదాన్నే అన్నాను."

కిటికీ వైపు తిరిగిపోయింది. తర్వాత మళ్ళీ మామూలు గొంతుతో, నియెవెస్ పెళ్ళికి గొర్రెలు ఎన్ని కొయ్యాలో లెక్క చెప్పమంది.

దోన్ ప్రుదెన్సియోకి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. ఫాదరీ సంగతంతా, ఎర్ర ఇంకు సంగతంతా. క్షమించమని అడిగాను. ఆయనకి నమ్మకం కుదురుతుందో లేదో.

ఫెర్మీన్


అల్మెరియా,
14 అక్టోబరు 1966

అక్కా,

నువ్వు తిట్టిన తిట్లన్నీ అందాయి. నిజమే, నాన్న మీద రాసిన ఆ కథ సెన్సారుకి పంపకుండా ఉండాల్సింది. పేరు మార్చాను, ఊరు మార్చాను, యుద్ధాన్ని భూకంపం చేశాను. అయినా పట్టేశారు. ఆఫీసుకి పిలిచి కుర్చీ వేసి మరీ అడిగారు: "చచ్చినవాడి పేరుతో బతికే మనిషి కథ మీకు ఎవరు చెప్పారు?" నా సొంత బుర్ర అన్నాను. "మీ బుర్ర ఎక్కడ తిరుగుతోందో కాస్త చూసుకోండి" అన్నారు. నాన్నని నేనే వాళ్ళకి పట్టిచ్చేవాణ్ణి. మూడు నెలలు ఆయన గడపకి వెళ్ళలేదు. సినిమా తీసి ఏదో నిజం చెప్పేస్తానని నాకున్న పొగరు అక్కడితో దిగింది.

ఆ తర్వాత మాడ్రిడ్‌లో ఎవరూ పని ఇవ్వలేదు. ఇప్పుడు ఇక్కడి ఎడారిలో ఇటలీ వాళ్ళకి కౌబాయ్ సినిమాలు తీసిపెడుతున్నాను. అమెరికన్ పేరు ఉంటేనే ఆడుతుందట, అందుకని తెరమీద నాకు వేరే పేరు. ఓడ సినిమాకి బహుమతి తెచ్చుకున్న డైరెక్టరు ఇప్పుడు గుర్రాలకి యాక్షన్ చెబుతున్నాడు. నవ్వుకో.

ఒకటుంది. ఇక్కణ్ణుంచి నాన్న ఉండే ఊరు దగ్గర. ఆదివారాలు వెళుతున్నాను. నియెవెస్ పెళ్ళితో దోన్ ప్రుదెన్సియో ఇంటికి తిరిగి వెళ్ళినా, అమ్మ ఎప్పటిలాగే సెప్టెంబరులో పదిహేను రోజులు నాన్న దగ్గర ఉండి వెళ్ళింది. కళ్ళకి సముద్రపు గాలి మంచిదని ఊళ్ళో ఇంకా నమ్ముతున్నారా? బస్సు టిక్కెట్టు ఈసారి కూడా దోన్ ప్రుదెన్సియోనే కొని ఇచ్చాడట, దగ్గు మందు సీసాలు రెండు పెట్టెలో పెట్టి.

ఫెర్మీన్


తొర్రెసేకా,
27 ఏప్రిల్ 1969

ఒరేయ్ ఫెర్మీన్,

నువ్వు ఆ గుర్రాల్ని వదిలేసి రావాల్సింది. టెలిగ్రాం ఇచ్చానుగా, అందలేదా? నీ జన్మలో అలాంటిది తియ్యలేవు.

యుద్ధం నాటి కేసులన్నీ చెల్లిపోయాయని ప్రభుత్వం ప్రకటించింది కదా. రేడియోలో విన్న రోజే దోన్ ప్రుదెన్సియో తెరుయెల్ వెళ్ళి లాయరుతో కూర్చుని, నాన్న మీదున్న ఆ పాత కాగితం చెల్లనిదేనని రాయించుకుని వచ్చాడు. వచ్చి అమ్మని అడిగాడు, "రమ్మని రాయనా?" అని. "రాయి" అంది అమ్మ.

నిన్న శనివారం, పదకొండు గంటల బస్సు. సంతకొచ్చినవాళ్ళు చౌకు నిండా ఉన్నారు. దోన్ ప్రుదెన్సియో డెబ్బై నాలుగేళ్ళ వయసులో టై కట్టుకుని బస్సు దగ్గర నిలబడ్డాడు. నాన్న దిగాడు. ఒక చేతిలో బిస్కట్ల డబ్బా, ఒక చేతిలో కర్ర.

ముందు ఎవరికీ తెలియలేదు. ఎవులాలియా చూసింది. చేతిలో కోడి జారిపోయింది, అది అరుచుకుంటూ జనం కాళ్ళ మధ్యకి పరిగెత్తింది, పట్టుకునేవాడు లేడు. ముసలాళ్ళు కొందరు శిలువ గుర్తు వేసుకున్నారు. ఇంకొందరు తలలు దించుకున్నారు, ఆరోజుల్లో ఆ కాగితం మీద సంతకాలు ఎవరివో ఊరికి తెలుసు. ఫాదర్ సెలెదోనియో చర్చి మెట్ల మీద అలాగే బిగుసుకుపోయాడు. ఇరవై ఆరేళ్ళ క్రితం అమ్మని విధవరాలని రాసి పెళ్ళి చేసింది ఆయనేగా.

"ఈయన బ్లాస్ అర్బియోల్" అన్నాడు దోన్ ప్రుదెన్సియో, అందరికీ వినబడేటట్టు. "ఈ ఊరివాడే. మా పెద్దపిల్లలిద్దరికీ నాన్న."

పోస్టుమాస్టరు నోరు తెరిచాడు. "మరి... మరి మీరేమవుతారండీ?"

"అది కోర్టువాళ్ళు తేల్చాలి. ఈలోగా దారివ్వు, ఆయనకి ఆయాసం."

నియెవెస్ మామగారు, ఆ సార్జెంటు, అక్కడే ఉన్నాడు. ఆయన ఇద్దరి వైపూ చూశాడు, టోపీ అంచు ఇలా ముట్టుకున్నాడు, పక్కకి జరిగాడు. అంతే. ఆ మనిషిలో అంతుందని నేననుకోలేదు.

మన ఇంటిదాకా ఇద్దరూ నడిచారు. వెనకాల ఊరంతా. పెళ్ళికీ చావుకీ కూడా అంత నిశ్శబ్దంగా నడవరు. గుమ్మం దగ్గర ఆగిపోయారు. "మీరు ముందు" అంటాడు ఈయన. "లేదు లేదు, మీరు" అంటాడు ఆయన. ఇద్దరు ముసలాళ్ళు, ఒకరి చేతిలో టోపీ, ఒకరి చేతిలో బిస్కట్ల డబ్బా, ఎవరూ కదలరు.

అమ్మ గరిట పట్టుకుని బయటికొచ్చింది. "ఎవరో ఒకరు లోపలికి రండి. ఈగలొస్తున్నాయి" అంది.

ఇద్దరూ ఒకేసారి దూరబోయి భుజాలు తగులుకున్నారు. ఎలాగో వెళ్ళారు. అమ్మ గుమ్మంలో నిలబడి ఊరందరినీ ఒకసారి చూసింది, ఆపరేషనైన ఆ కళ్ళతో, ఒక్కొక్కరినే. తర్వాత తలుపు వేసేసింది.

నేను కూడా బయటే ఉండిపోయాను రా. నాలుగడుగుల్లో తలుపు. ఊరికి అనుమానమొస్తుందని ఇన్నేళ్ళూ ఆయన దగ్గరికి వెళ్ళలేదు, నాన్నని ముట్టుకోనైనా లేదు ఇంకా. లోపల్నుంచి కంచాల చప్పుడు వినబడుతోంది, దగ్గు వినబడుతోంది. తలుపు తట్టాలనిపించలేదు. అలాగే నిలబడి విన్నాను.

మీ అక్క,
కాసిల్దా